తారాబాయి ముడి

జహీరాబాద్‌లో పుస్తకాలు బైండింగు చేసే సాల్మన్ ముందు ఆ రాత్రి నాలుగు వందల ఏళ్ల కిందట అచ్చయిన లాటిన్ పుస్తకం ఉంది. మనిషి తన దారి తానే ఎంచుకునేందుకు దేవుడిచ్చిన స్వేచ్ఛ గురించి అందులో రాశారట. తెల్లారేసరికి కుట్టి ఇమ్మన్నారు చర్చి ఫాదర్.

తెల్లారితే కూతురు కృప కన్యాస్త్రీల మఠానికి వెళ్లిపోతుంది. బిడ్డను దేవుడికిస్తానని చనిపోయే ముందు సాల్మన్ భార్య తారాబాయి మొక్కుకుంది.

"నీకిష్టమేనా బిడ్డా?" అని సాయంత్రం అడిగాడు.

"అమ్మ మొక్కింది గద నాయినా," అని కృప పక్కగదిలోకి పోయి పడుకుంది.

చూపు ఆనక సూదిలోకి దారం ఎక్కడం లేదు. సాల్మన్ విసుగొచ్చి సూదిని పుస్తకం మీద పెట్టి, మంచినీళ్లు తాగి వచ్చాడు.

సూదికి దారం ఎక్కి ఉంది. చివర ఎడమచేతి వాటం జంట ముడి. అట్లా ముడి వేసేది తారాబాయి ఒక్కతే.

రోడ్డు మీద లారీల చప్పుడు కూడా ఆగిపోయింది.

"తారా," అన్నాడు మెల్లగా. "పిల్లను పంపాల్నా, వద్దా? జర చెప్పు."

ముడిని వేలితో తాకి చూశాడు. తారాబాయి వేళ్లకు ఎప్పుడూ ఉండే పసుపు దానికంటి, ఇంకా తడిగానే ఉంది.

సాల్మన్ వెళ్లి కృపను తట్టి లేపాడు. "అమ్మ మొక్కు పక్కన పెట్టు బిడ్డా. నీకేం గావాలె?"

కృప కళ్లు తెరవకుండానే నవ్వింది.

"ఇద్దరూ గదే అడుగుతరేంది నాయినా? ఇప్పుడే అమ్మకు చెప్పిన గద."