గురువారం బొత్తాం

రోడ్డు మీద పడిపోయారని చెప్పేసింది సరే, రోడ్డు మీద పడ్డ మనిషి చొక్కాకి పిసరంత దుమ్మైనా అంటలేదేమని ఎవరైనా అడిగితే?

ఎవరూ అడగలేదు. ఎమర్జెన్సీ గది ముందు ఇనప బెంచీ మీద టైలరమ్మ చేతిసంచీ ఒళ్లో అదిమిపట్టుకుని కూర్చుంది. అద్దాల తలుపుకి అవతల ఆయన. ఛాతీ నిండా వైర్లు.

నర్సు బయటికొచ్చి మడతపెట్టిన చొక్కా ఆమె చేతిలో పెట్టింది.

"కాసేపు ఉంచండి ఆంటీ. ఆయన ఫోన్లో 'అమ్మాయి' అని ఉన్న నంబరుకి చేశాం, వచ్చేస్తోంది. పాపం పెద్దాయన, ఒక బొత్తాం కన్నంలో ఇంకోటి పెట్టుకున్నారు. ఇంట్లో చూసి చెప్పే దిక్కు లేనట్టుంది."

టైలరమ్మ తల దించుకుంది. నలభై ఏళ్లుగా ఊరందరి చొక్కాలకీ బొత్తాలు కుట్టిన చేతులవి. ఆటో వచ్చేలోగా, షాపు వెనక గదిలో, ఆయనకి ఆ చొక్కా తొడిగింది ఆ చేతులే.

చొక్కాకి మూడో బొత్తాం అసలు లేదు. అది ఆమె సంచీలో ఉంది.

గురువారం మధ్యాహ్నాలు షట్టరు సగం దించుతుంది. గడియారాలు బాగుచేసే ఆయన ఆ సగం కిందనుంచి నడుం పట్టుకుని వంగి లోపలికొస్తాడు. చేతిలో తెంపుకొచ్చిన బొత్తాం. ఏడాదిగా ఇదే వరస. "వారానికొకటి రాలుతుందేంటి సార్?" అని పక్క షాపు ఇస్త్రీ అతను అడిగితే, "దారం నాసిరకం" అన్నాడట. కుట్టింది ఎవరని! ఆ మాటకి ఆమె ఒక గురువారమంతా మూతి ముడుచుకుంది.

అరవై మూడేళ్లకి ఇదేం పోయేకాలమే అని ఎన్నిసార్లు తిట్టుకుందో. ఇరవై రెండేళ్ల కిందట కోర్టు మెట్లు దిగుతూ, ఇక జన్మలో మగవాడి నీడ సోకనివ్వనని ఒట్టు పెట్టుకున్న మనిషి. ఆ మొగుడు ఇంట్లో నోరు విప్పేవాడు కాదు. విప్పితే పెడసరం. ఈయనో, బొత్తాలు తెంపుకుని మరీ వచ్చి కబుర్లు చెబుతాడు. ఆమె మోకాళ్లు కిర్రుమంటే నవ్వడు. ఆగి, దిండు సర్దుతాడు. పట్టపగలు, ముడతలన్నీ కనబడే వెలుతురులో ఆమెని చూస్తాడు, చూపు తిప్పుకోడు.

ఆ మాత్రలే కొంప ముంచాయి. డాక్టర్ని అడగడానికి మొహం చెల్లక మందుల షాపులో గుసగుసగా అడిగి తెచ్చుకున్నాడు. లోపలి కాగితం మీద చీమ తలకాయలంత అక్షరాలు. గడియారాల భూతద్దం కంటికి తగిలించుకుని పైకి చదివాడు. "గుండెనొప్పికి వాడే నైట్రేట్‌తో కలిస్తే ప్రాణాపాయం... నాకు గుండెనొప్పేంటి, రాయిలా ఉంటేనూ!" అని నవ్వాడు.

ఇవాళ ఒకటి వేసుకున్నాడు. గంట తిరక్కముందే ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు.

తలుపు తెరుచుకుంది. డాక్టరు ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడుతున్నాడు.

"బాగా గుర్తుచేసుకుని చెప్పండి. ఈ రెండు రోజుల్లో వేరే మాత్రలేమైనా వేసుకున్నారా?"

"లేదండీ, బీపీ మాత్ర ఒక్కటే. వారానికి సరిపడా డబ్బాలో నేనే సర్ది వస్తాను." ఆ అమ్మాయి రొప్పుతోంది. "బండి పార్క్ చేసేశాను, వచ్చేస్తున్నా."

డాక్టరు నర్సు వైపు తిరిగాడు. "నొప్పి తగ్గట్లేదు. నైట్రేట్ డ్రిప్ పెట్టేయండి."

ఆయన పైకి చదివిన మాట టైలరమ్మకి గుర్తొచ్చింది. చెప్పాలి. ఏమని? ఆ మాత్ర సంగతి దారినపోయే ఆడదానికెలా తెలుసంటారు. ఆ అమ్మాయి కోపం ఎలాంటిదో ఆమెకి తెలుసు. అరవదు, ఏడవదు. ఫోనెత్తడం మానేస్తుంది, అంతే. నెలలకి నెలలు. ఆ శిక్ష ఆయన తట్టుకోలేడు.

మెట్లు ఎడమ పక్కనే ఉన్నాయి. నాలుగంగలు వేస్తే ఎవరి కంటా పడకుండా దిగిపోవచ్చు. లేచి నిలబడింది కూడా.

"బయల్దేరారా ఆంటీ? ఎవరో ఏమిటో తెలియకపోయినా ఇంతసేపు కూర్చున్నారు. మీలాంటివాళ్లుండబట్టే..." అంటూ నర్సు అలమరలోంచి మందు సీసా తీసింది.

లిఫ్టు తలుపులు తెరుచుకున్న చప్పుడు. ఆ వెంటనే అడుగులు. కుడికాలు కాస్త ఈడ్చే నడక. తిరిగి చూడకుండానే టైలరమ్మకి ఎవరో తెలిసిపోయింది.

నర్సు సీసా మూత విప్పింది.

టైలరమ్మ సంచీలో చెయ్యి పెట్టింది. ముందు బొత్తాం తగిలింది. దాన్ని పక్కకి తోసి, అడుగునున్న మాత్రల షీటు తీసి, డాక్టరు అరచేతిలో పెట్టింది. నాలుగింటిలో ఒక గది ఖాళీ.

"రెండింటికి వేసుకున్నారు. ఇవాళే."

"ఆపండి! అది పెట్టకండి!" డాక్టరు నర్సు మీద ఇంచుమించు అరిచాడు. తర్వాత టైలరమ్మని ఎగాదిగా చూశాడు. "రోడ్డు మీద పడిపోతే తెచ్చానన్నారుగా? ఇది మీకెలా తెలుసు?"

"రోడ్డు మీద కాదు బాబూ." చూపు నేల మీంచి ఎత్తలేదు. "నా గదిలో. నా దగ్గరున్నప్పుడు."

వెనక హెల్మెట్ నేల మీద పడి దొర్లింది. ఆ అమ్మాయి దాన్ని తీసుకోకుండానే ముందుకొచ్చింది.

"నువ్వూ నాన్నా విడాకులు తీసుకుని ఇరవై రెండేళ్లయింది కదమ్మా!"