దాహం మనిషి

మధ్యాహ్నం రెండింటికి తలుపు చప్పుడైంది.

కుట్టుమిషను మామ్మ అప్పుడే కునుకు తీస్తోంది. ఆవిడది మూడో అంతస్తులో గది, పైన డాబా తప్ప మరేం లేదు. ఆ వేడిలో పట్టక పట్టక పట్టిన నిద్ర చెడగొడితే ఎవరికైనా ఒళ్ళుమండుతుంది.

తీరా తలుపు తీస్తే ఎవరో నడివయసు మనిషి. భుజాన సంచి ఉంది.

"కొంచెం మంచినీళ్ళిస్తారా అమ్మా?"

నీళ్ళడిగిన మనిషిని కాదనలేక ఇచ్చింది.

"మీరూ తాగండి. ఒక్కణ్ణే తాగడం నాకు అలవాటు లేదు."

"నాకు దాహం లేదు నాయనా."

"అయితే నేనూ తాగను."

ఇదెక్కడి గోలరా బాబూ అనుకుంటూ తానూ ఒక గ్లాసు తాగింది. అతను అంతటితో వదల్లేదు. పక్క గదిలో ఒంటరిగా ఉండే గడియారాల తాతను లేపి ఆయన చేతా తాగించాడు. రాత్రి నిద్ర పట్టిందా, తల తిరుగుతోందా, ఏ మాత్రలు వేసుకుంటున్నారు అని ఆరాలు కూడా తీశాడు.

అతను వెళ్ళాక ఇద్దరూ 'దాహం మనిషి' అని పేరు పెట్టి నవ్వుకున్నారు. ముప్పై ఏళ్ళుగా పక్కపక్క గదులు వాళ్ళవి. రోజుకో పోట్లాట లేకపోతే ఇద్దరికీ పొద్దు గడవదు.

దాహం మనిషి రోజూ రాలేదు. నాలుగు రోజులకో వారానికో వచ్చేవాడు. అతను వచ్చినప్పుడల్లా ఎండ పెట్రేగిపోయేది.

"అన్నయ్యగారూ, గమనించారా? ఇతను గడప తొక్కితే చాలు, వడగాడ్పు కొడుతోంది."

"అంటే ఎండను సంచిలో వేసుకొస్తున్నాడంటావా?" అన్నాడు తాత.

మామ్మ నవ్వలేదు. అయిదోసారి రాగానే మొహం మీదే చెప్పేసింది.

"నీ కాలు మంచిది కాదు నాయనా. ఇక రావద్దు."

"రేపొక్కరోజు రానివ్వండమ్మా. తర్వాత మీ ఇష్టం."

"రేపు అసలే వద్దు. కింద తలుపు గడియ పెట్టిస్తాను."

అతను రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగాడు.

"పోనీ, రేపు రెండింటికి మీరు తాగి, తాతగారికీ ఒక గ్లాసివ్వండి. మరిచిపోకండి."

మరిచిపోయింది.

మర్నాడు గాలి పూర్తిగా ఆగిపోయింది. గోడ ముట్టుకుంటే చురుక్కుమంటోంది. మామ్మ మంచం మీద వాలింది. కళ్ళు మూయగానే గది మెల్లగా తేలడం మొదలెట్టింది. ఎప్పుడో పోయిన అక్క పక్కన కూర్చుని జడ అల్లుతోంది. ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు. వేడీ లేదు, చలీ లేదు. ఇలాగే ఉండిపోతే ఎంత బాగుండు అనిపించింది.

తలుపు చప్పుడైంది.

"వస్తున్నా నాయనా, వస్తున్నా."

లేచేసరికి కాళ్ళు తూలాయి. అలవాటుకొద్దీ రెండు గ్లాసులు నింపి తలుపు తీసింది.

ఎవరూ లేరు. మెట్లన్నీ ఖాళీగా ఉన్నాయి.

కలలో చప్పుడుకు లేచానా అని తనను తానే తిట్టుకుంది. పోసిన నీళ్ళు పారబొయ్యడమెందుకని ఒక గ్లాసు తాగింది. పోతున్న ప్రాణం తిరిగొచ్చినట్టయింది. అప్పుడు గుర్తొచ్చింది. రెండో గ్లాసు పట్టుకుని పక్క గది తలుపు కొట్టింది.

"అన్నయ్యగారూ, నీళ్ళు."

పలుకు లేదు. తలుపు తోసింది. తాత కుర్చీలోనే ఉన్నాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. మొహం మాత్రం ఏదో మంచి కల కంటున్నట్టుంది.

మామ్మ కేకలు విని కిందివాళ్ళు కబురు పెడితే ఆసుపత్రి నుంచి వచ్చిన నర్సు నాడి చూసి చెయ్యి వదిలేసింది.

"ఒక గంట ముందు ఎవరైనా లేపి నీళ్ళు తాగించి, ఒళ్ళు తడిపుంటే బతికేవారు."

మామ్మ చాలాసేపు ఏడ్చింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"సంచి వేసుకుని నీళ్ళడుగుతూ ఒకతను వచ్చేవాడు. నేనే రావద్దన్నాను. మీ ఆసుపత్రి మనిషా?"

నర్సు తల అడ్డంగా ఊపింది.

"కాదు, ఎండదెబ్బ తగిలినవాళ్ళ వివరాల కోసం మా దగ్గరికి వస్తుంటారు, అంతే. ఆయన సంచిలో ఎప్పుడూ రెండు సీసాల నీళ్ళుంటాయి మామ్మగారూ. వాతావరణ ఆఫీసులో రేపటి ఎండ ఎంతో ఇవాళే లెక్కగట్టేది ఆయనే. ఆ లెక్క చూసి భయమేసిన రోజుల్లో సెలవు పెట్టి, తాగమంటే తాగని పెద్దవాళ్ళ ఇళ్ళకు దాహమంటూ వెళ్తారు."