నాలుగో సీసా

పొయ్యి మీద వంకాయ పులుసు ఉడుకుతోంది. వైష్ణవి నాలుగో సీసా మూత తీసి వాసన చూసి, చటుక్కున మొహం పక్కకు తిప్పుకుంది.

గిద్దలూరు కాలేజీలో పాఠాలు చెప్పి, బస్సు పట్టుకుని మార్కాపురంలో ఇల్లు చేరేసరికి ఆమెకు రోజూ చీకటి పడుతుంది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. అరగంటలో రాత్రి వంట తెమలాలి. ఎప్పుడూ అదే పప్పుచారు, అదే వేపుడు. వండీ వండీ విసుగెత్తి, ఆన్‌లైన్‌లో విదేశీ సాసుల పెట్టె ఒకటి తెప్పించింది. సోయా సాసుతో బెండకాయలు వేయించింది. కొరియా వాళ్ల ఎర్రకారం ముద్దను ఆలుగడ్డల్లో కలిపింది. ఏదో దేశపు నువ్వుల ముద్ద చపాతీల్లోకి పెట్టింది. ఇంట్లో ఎవరూ వంక పెట్టలేదు.

మిగిలింది ఈ సన్న సీసా. దాని మీది అక్షరాలు మన అక్షరాలకు దూరపు చుట్టాల్లా గుండ్రంగా ఉన్నాయి. ఒక్కటీ చదవడానికి రాదు.

"ఏందది, అంత కంపు కొడుతుంది?" హాల్లోంచి అడిగింది అత్తగారు సీతామహాలక్ష్మి.

"పులియబెట్టిన సాసు లే అత్తయ్యా. ఉడికితే పోతుంది."

"నాకేంది, నేను వంకాయ కాశీలో వదిలేసినా. పెరుగన్నం తింటా. మీ మామయ్య సంగతి చూసుకో."

వైష్ణవి భయమూ అదే. మామగారు లక్ష్మీనరసయ్య కందుల వ్యాపారి. నిష్ఠకు పెట్టింది పేరు. మేడ మీద అద్దెకున్నవాళ్లు ఒకసారి ఆమ్లెట్ వేసుకుంటే, వీధి మలుపులోనే పసిగట్టి ఆ నెలలోనే ఖాళీ చేయించాడు. ఆదివారం వస్తే కందుల బేరానికని కురిచేడులో దళారి యల్లయ్య ఇంటికి వెళ్తాడు. తిరిగి వచ్చాక, ఎవరినీ తాకకుండా పెరట్లోనే తలస్నానం చేస్తాడు. ఆ రాత్రి మెతుకు ముట్టడు. రెండు యాలకులు నమిలి పడుకుంటాడు.

"నలుగురిలో తిరిగొచ్చిన ఒళ్లు, ఉపవాసముంటే గానీ శుద్ధి కాదంటాడు" అని సీతామహాలక్ష్మి ఇరుగుపొరుగుకు గొప్పగా చెప్పుకుంటుంది.

వైష్ణవి ధైర్యం చేసి రెండు చెంచాల సాసు పులుసులో పోసింది. అది ఉడికేసరికి కంపు పోయి, వంటిల్లంతా ఏదో కమ్మదనం కమ్ముకుంది.

లక్ష్మీనరసయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. కోడలి వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. మళ్లీ కంచంలోకి చూశాడు.

"ఏం వేసినావమ్మా ఇందులో?"

"సాసు మామయ్యా. బాగాలేదా?"

"ఇంకో గరిటె వెయ్యి."

తర్వాత మరో గరిటె. చివరికి గిన్నె దగ్గరికి లాక్కుని వేలితో తుడిచాడు.

"పెండ్లయినకాడి నుంచి నా వంటకు ఒక్కనాడన్నా గిన్నె నాకినాడా ఈ మనిషి!" అని బుగ్గలు నొక్కుకుంది సీతామహాలక్ష్మి.

భోజనాలయ్యి పెద్దవాళ్లు పడుకున్నాక వైష్ణవి భర్త ఫణికృష్ణ సరదాపడి సీసా మీద ఫోన్ పెట్టాడు. ఫోన్ ఆ అక్షరాలను తెలుగు చేసింది. ఫణికృష్ణ మొహం తెల్లబోయింది.

"నెత్తళ్లంట."

"నెత్తళ్లంటే?"

"చేపలే తల్లీ, చేపలు!" అంటూ నోరు పుక్కిలించడానికి పెరట్లోకి పరిగెత్తాడు.

తిరిగొచ్చి తువ్వాలుతో మూతి గట్టిగా రుద్దుకున్నాడు. "నాయనకు తెలిస్తే మేడ మీద వాళ్ల గతే మనకూ. నన్ను దుకాణం గడప కూడా తొక్కనియ్యడు."

సీసా చెత్తబుట్టలోకి పోయింది. మర్నాడు వైష్ణవి సాసు జోలికి పోకుండా మళ్లీ వంకాయ పులుసే పెట్టింది. లక్ష్మీనరసయ్య ఒక్క ముద్ద తిని కంచం పక్కకు జరిపాడు.

"ఇది ఆ పులుసు కాదమ్మా."

వైష్ణవికి ఇక దాచడం చేత కాలేదు. అత్తగారు సీరియల్ ముందుకు వెళ్లి కూర్చోగానే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"తప్పయిపోయింది మామయ్యా. నిన్నటి సీసాలో ఉండేది నెత్తళ్ల రసం. తెలియక వేసినా. నన్నేమన్నా అనండి, ఆయన్ను మాత్రం దుకాణంలోంచి వెళ్లగొట్టొద్దు."

లక్ష్మీనరసయ్య లేచి గుమ్మం దాకా వెళ్లాడు. భార్య టీవీకి కళ్లప్పగించి ఉందని చూసుకుని, వంటింటి తలుపు దగ్గరగా వేశాడు. వైష్ణవి కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఇంకో సీసా తెప్పియ్ గానీ, చింతపండు మాత్రం తగ్గించమ్మా," అన్నాడాయన గుసగుసగా, "యల్లయ్య ఇంట్లో నెత్తళ్ల పులుసుకు ఇంత పులుపు వెయ్యరు."