పదకొండు ఇళ్ళ జాబులు

తమిళనాడులోని విరుదునగర్‌లో బస్సెక్కగానే శివరంజని ఫోన్ మోగింది.

"ఆఁ అమ్మా, కోవిల్‌పట్టికే పోతా ఉండా" అంది తెలుగులో.

పక్కసీటు ముసలమ్మ మొహం చేటంత అయింది.

"మనోళ్ళేనా! బస్సులో మన మాట ఇని ఎన్నాళ్ళాయెనో! ఏం పని మీద పోతుండావు?"

"డెబ్బై ఒకటి యుద్ధానికి పోయిన మామూలు సిపాయిల మీద నవల రాస్తా ఉండా అవ్వా."

నవల సంగతి శివరంజనికే తెలుసు. "తుపాకులు బాగా పేలుతున్నాయి, మనుషులేరీ?" అని సంపాదకుడు మొత్తం తిప్పి పంపాడు. ఇవాళ కూడా ఆ మనుషులు దొరక్కపోతే నవల అటకెక్కినట్టే.

"పట్టాళత్తోళ్ళా! వాళ్ళకేం కావాలో నన్నడుగు. బర్రె ఈనిందా, మిరప కాసిందా, బిడ్డకు పన్నొచ్చిందా..."

"నాకు యుద్ధం కావాలవ్వా" అంటూ శివరంజని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుంది.

ముసలమ్మ ఏమీ అనుకోలేదు. ముందు సీటువాళ్ళతో కబుర్లలో పడింది. కోవిల్‌పట్టిలో శివరంజని దిగింది, బస్సు తూత్తుకుడి వైపు సాగిపోయింది.

పక్క పల్లెలో ఉన్న పాత సిపాయి చెల్లసామి, ఆమె ప్రశ్న వినగానే నవ్వేశాడు.

"యుద్ధమా? నేను పట్టాళంలో రొట్టెలు కాల్చినోణ్ణి తల్లీ. నా కతంతా దీన్లో ఉండాది."

రేకుపెట్టెలోంచి పెళ్ళాం జాబుల కట్ట తీశాడు. అన్నీ అరవంలో ఉన్నాయి. శివరంజని మొదటిది విప్పింది.

'మీ చొక్కా ఉతికి ఆరేశాను. ఆరాక మళ్ళీ తడిపి ఆరేశాను. దండెం మీద అదుంటే మీరు ఇంట్లో ఉన్నట్టే ఉంది.'

ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ వెతుకుతున్న మనుషులు దొరికారని మనసు పొంగిపోయింది.

"ఎంత బాగా రాసినారమ్మా!"

వంటింట్లోంచి చెల్లసామి భార్య జానకియమ్మాళ్ పకపకా నవ్వింది.

"నాకు రాతేడ వచ్చు? మన మాట తెలుగు, రాత అరవం. ఊళ్ళో పదకొండు ఇళ్ళ జాబులూ ఒక్క పిల్లే అరవంలో రాసేది. 'అందురూ సుకం, వాన పడింది' అని నేను చెప్పింది అంతే! నేను సిగ్గుపడి చెప్పకుండా మింగిందంతా అదే కనిపెట్టి రాసేది."

"అంటే... ఆ చొక్కా?" చెల్లసామి నోరు తెరిచాడు.

"ఉతికింది నిజమే. రాయమని నేననలేదు."

యాభై ఏళ్ళ తర్వాత గుట్టు బయటపడి మొగుడూ పెళ్ళాం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

"ఆ పిల్ల ఇప్పుడేడ ఉండాది? ఈ పొద్దే పోయి చూస్తా!" శివరంజని లేచి నిలబడింది.

"మా తాయమ్మాళా?" అంది జానకియమ్మాళ్. "విరుదునగర్‌లో కూతురింటి నుంచి ఈ పొద్దు బస్సుకే తూత్తుకుడి పోతా ఉండాది. పక్కన మన మాట ఇనబడితే సాలు, పట్టాళం కతలు సెప్పకుండా ఎవర్నీ ఇడవదే, నీకు అగపళ్ళేదా?"