స్టోరమ్మ అసలు పరీక్ష

"ఇంకా ఇరవై రెండు నిమిషాలే! అవతల దేశంలో భూకంపం. విమానం మీకోసం ఆగదు. కదలండి!" శిక్షకురాలి మెగాఫోన్ గొంతు షెడ్డంతా మోగిపోయింది.

స్టోరమ్మ జాకెట్ చేతులు పైకి మడిచి చకచకా లారీ ఎక్కింది.

ఆస్పత్రి స్టోర్లో ఇరవయ్యారేళ్ళు పనిచేసి రిటైరైన ఆవిడకి అక్కడివాళ్ళు పెట్టిన పేరది. విపత్తు వచ్చిన దేశాలకు పరిగెత్తే సహాయ బృందానికి సరుకులు చూసే మనిషి కావాలని తెలియగానే దరఖాస్తు పడేసింది. శిథిలాల్లోంచి మనుషుల్ని బయటికి లాగేవాళ్ళు వేరు. వాళ్ళ వెనకాల ఉండి గుడారం, నీళ్ళు, మందులు, తిండి అందించేవాళ్ళు వేరు. ఈ వెనకాలవాళ్ళకి ఆరు వారాల శిక్షణ. శిక్షకురాలు పెట్టిన రెండు నమూనా పరీక్షల్లోనూ స్టోరమ్మ తప్పింది. ఇవాళ అసలు పరీక్ష. ఇదీ పోతే బృందం ఆవిడ లేకుండానే వెళ్ళిపోతుంది.

"అక్కా, నీ మీద మేడమ్‌కి ఏదో పగ ఉంది," కింద నుంచి పెట్టె అందిస్తూ గొణిగాడు డ్రైవర్. అతనిదీ అదే బ్యాచ్. తన పరీక్ష పొద్దున్నే గట్టెక్కేసి ఇప్పుడు సాయానికి వచ్చాడు. "మొదటిసారి గుడారాలు అడుగున వేశావని తప్పించింది, సరే. రెండోసారి మంచినీళ్ళు తాగలేదని తప్పించడమేంటి? ఎక్కడైనా విన్నామా?"

"అందులో తప్పేముంది? నేను కళ్ళు తిరిగి పడితే నన్ను మొయ్యడానికి ఇద్దరు కావాలి. ఆ ఇద్దరూ ఇంకెవర్నో మొయ్యాల్సినవాళ్ళు."

"నువ్వు మరీ మెతక. పదిహేను కిలోల సంచీతో మూడంతస్తులు నిన్నొక్కదాన్నే రెండోసారి ఎక్కించినప్పుడు నా కడుపు మండిపోయింది తెలుసా?"

"మోకాళ్ళు గట్టిపడ్డాయిలే. ఆ పెట్టె ఇలా ఇవ్వు."

శిక్షకురాలు గబగబా దగ్గరికి వచ్చింది. "కబుర్లా? బీపీ మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నాను, మేడమ్."

"హెల్మెట్ పట్టీ బిగించండి."

ఆవిడ అటు తిరగ్గానే డ్రైవర్ పళ్ళు నూరాడు. "నీ బీపీ సంగతి అందరికీ టముకు వెయ్యాలా?"

అంతలో పై ఆఫీసు నుంచి వచ్చిన పరీక్షాధికారితో శిక్షకురాలు అంటున్న మాట ఇద్దరికీ స్పష్టంగా వినిపించింది. "ఈవిడకి మార్కులు మీరే వెయ్యాలి సార్. ఈవిడ కాగితం మీద నేను సంతకం పెట్టను."

"విన్నావా అక్కా!"

"విన్నాన్లే. తాడు అందుకో."

పన్నెండో నిమిషంలో లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. కిటికీలకు ముందే నల్లగుడ్డలు కట్టి ఉన్నాయి. షెడ్డులో కన్ను పొడుచుకున్నా కనపడట్లేదు. ఎవరో కెవ్వుమన్నారు. స్టోరమ్మ చేతిలోని జాబితా కాగితాన్ని ఎవరో చటుక్కున లాగేసుకున్నారు. మరుక్షణం మెగాఫోన్ మోగింది. "వంతెన కూలిపోయింది! లారీ వెళ్ళదు. చిన్న వ్యాన్లు రెండే ఉన్నాయి. సగం సరుకే పడుతుంది!"

స్టోరమ్మ గుండె దడదడలాడింది. భయంతో కాదు, హుషారుతో. ఆస్పత్రిలో కరెంటు పోయిన ప్రతిసారీ ఇదే పని కదా! అందుకే సర్దేటప్పుడే పెట్టెల తాళ్ళకి గుర్తుగా ముళ్ళు వేసి ఉంచింది.

"తాళ్ళు తడమండి!" అని కేక పెట్టింది. "ఒక ముడి ఉంటే నీళ్ళు. రెండుంటే మందులు. మూడుంటే గుడారాలు. ముడి లేనివి మంచాలు, వాటి జోలికి పోకండి, అవి ఇక్కడే ఉండిపోతాయి! తమ్ముడూ, గుడారాలు తలుపు దగ్గర పెట్టు. దిగగానే ముందు కావాల్సినవి అవే!"

చీకట్లో చేతులు చేతులకు తగులుతున్నాయి. "రెండు ముళ్ళు!" "ఇటు!" "మూడు!" "తలుపు దగ్గరికి!" రెండు వ్యాన్లూ నిండుతున్నాయి.

"ఇంకో నిమిషం!"

సరిగ్గా అప్పుడే స్టోరమ్మ ఆగిపోయింది. సీసా మూత తీసి గటగటా నీళ్ళు తాగింది.

"అక్కా, ఇప్పుడా!" డ్రైవర్ లబోదిబోమన్నాడు.

ఆవిడ మూతి తుడుచుకుని, ఆఖరి మందుల పెట్టెను భుజంతో లోపలికి నెట్టి ధడాల్న తలుపు వేసేసింది. ఈల మోగింది. లైట్లు వెలిగాయి.

పరీక్షాధికారి రెండు వ్యాన్లూ ఎక్కి దిగాడు. ప్రతి ముడీ లాగి చూశాడు. ముఖంలో ఏమీ తెలియనివ్వకుండా అడిగాడు. "ఒకే ప్రశ్న. వెళ్ళేచోటు ఎలా ఉంటుందో తెలీదు, ఎన్నాళ్ళో తెలీదు. ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నారా?"

"మా అబ్బాయి ఒప్పుకున్నాడండి. ఒకరు మాత్రం ససేమిరా అంటున్నారు. నాకేమన్నా అయితే తట్టుకోలేరట."

"మరేం చేస్తారు?"

"ఏం చేస్తాను? ఆ మనిషికి నా మీద నమ్మకం కుదిరేదాకా నేర్చుకుంటాను."

శిక్షకురాలు అటు తిరిగి కింద పడ్డ తాళ్ళు చుట్టలు చుడుతోంది.

పరీక్షాధికారి కాగితం మీద సంతకం పెట్టాడు. "గురువారం వెళ్ళే మొదటి బృందంలో మీరున్నారు."

షెడ్డు పైకప్పు ఎగిరిపోయేలా అరుపులు, ఈలలు. డ్రైవర్ గంతులు వేశాడు. స్టోరమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

అందరినీ తప్పించుకుంటూ శిక్షకురాలు వచ్చి ఎదురుగా నిలబడింది. డ్రైవర్ అడ్డంగా వచ్చాడు. "మేడమ్, పాసైపోయింది కదా. ఇంకా దేనికండీ? ఇప్పుడైనా ఒక్క మంచి మాట అనండి."

శిక్షకురాలు అతని వంక చూడలేదు. స్టోరమ్మ గడ్డం కింద పట్టీని తనే విప్పింది. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, చెదిరిన ఆ నెరిసిన జుట్టు సర్దింది.

"పదండి అత్తయ్యా, మీ అబ్బాయి బయట ఎదురుచూస్తున్నారు."