లేని సంఘం

"మల్లేశన్నా, ఎవరో ముసలాయన కంప్యూటర్ల మీ సంఘం పేరు కొట్టించి చూసుకున్నడు," అని ఫోన్లో చెప్పింది ఇంటర్నెట్ సెంటర్ నిరోష.

మగ్గం మీద మల్లేశం చేతిలో నాడె ఆగింది.

"ఎట్లుంటడు?"

"తెల్ల అంగి, చేతిసంచి. రిజిస్ట్రేషనోళ్ల సైట్ల మీ సంఘం ఉన్నదా పోయిందా చూడమన్నడు. ఉన్నదని చూపిస్తే, ప్రింటు తీయించుకొని పోయిండు. గిది రెండోసారి."

"పేరేంది?"

"చెప్పలే. నేనడుగలే."

మల్లేశం ఆ పూటే షెడ్డులో అందరికీ చెప్పాడు.

గద్వాలలో వాళ్లు నేసే ఆ షెడ్డు చేనేత సంఘానిది. సర్కారు సంఘం పేరు మీద ఇచ్చిన జాగా. అందులో ఎనిమిది మగ్గాలు, వాటి మీద బతికే ఎనిమిది ఇళ్లు. ఒకప్పుడు ఊరి చివర పడి ఉన్న ఆ జాగా ఇప్పుడు రోడ్డు మీదికొచ్చింది. కారు దిగినవాడల్లా మగ్గం మీది చీరను కాదు, గోడ పొడవును చూసి పోతున్నాడు.

మల్లేశం తండ్రే సంఘం అధ్యక్షుడు; ఆయన పోయి ఐదు నెలలు. ఆఫీసు సంగతులు ఆయనకే తెలుసు. ఆయన చూపించినచోట మిగతావాళ్లు సంతకం పెట్టేవాళ్లు. వాళ్లకు తెలిసిన సంఘమల్లా గోడకు కొట్టిన రేకు బోర్డే.

"జాగా కొట్టేసేటోడు ముందుగాల గిట్లనే పేర్లు ఏరుకుంటడు," అన్నాడు పక్క మగ్గం రాఘవేంద్ర. "దొంగ సంతకాలు పెట్టి, సంఘం నాదే అంటడు. వనపర్తి దిక్కు గట్లనే ఒకటి పోయిందంట."

"మరేం చేద్దాం?"

"సంఘమే లేదందాం. లేని సంఘాన్ని ఎవడేం రాయించుకుంటడు?"

ఆ మాట అందరికీ నచ్చింది. అంతకు ముందు ఏ మంచి పనికీ ఒక్కటి కాని ఎనిమిది మంది, అనుమానం దగ్గర ఒక్కటయ్యారు.

మూడోనాడు ముసలాయన షెడ్డుకే వచ్చాడు. చెప్పులు బయట విడిచాడు. ఎవరినీ అడగకుండా మల్లేశం మగ్గం దగ్గరికి పోయి, పట్టు అంచు నూలుతో కలిసేచోట వేలు పెట్టి చూశాడు.

"చెయ్యి తియ్యి పెద్దాయనా."

తీశాడు.

"నా పేరు నాగప్ప. అయిజల ఉంట. మీ నాయన నాకు బాగా..."

"పోయినంక మా నాయనకు దోస్తులు ఎక్కువైండ్రు. పనేందో చెప్పు."

ముసలాయన తడబడ్డాడు. సంచిలోంచి ఒక కాగితం తీశాడు.

"సంఘంల ఇప్పుడు ఎవరెవరు ఉన్నరో పేర్లు కావాలె అప్పా. అందరి సంతకాలు కావాలె. నెలాఖరు లోపల..."

మగ్గాల చప్పుడు ఆగిపోయింది. రాఘవేంద్ర కనుబొమ్మ ఎగరేశాడు.

"ఏ సంఘం?" అన్నాడు మల్లేశం.

"ఇదే. మీది."

"అది బందైంది. మేమే అందరం కూసోని బందు పెట్టుకున్నం."

"హౌదా?"

అవునా అనడానికి కన్నడం మాట. సరిహద్దు అవతలి నుంచి ఎవడో పంపిన మనిషేనని మల్లేశానికి ఖాయమైపోయింది.

"మీ నాయన పోంగనేనా?"

"పోంగనే. ఎవరికి కావాలె అది?"

"అందరు ఇష్టపడే చేసిండ్రా?"

"అందరం. అడుగు, ఎవర్నన్న అడుగు."

ముసలాయన ఒక్కొక్కరి మొహం చూశాడు. ఒక్కొక్కరూ తల ఊపారు.

నీళ్ల చెంబు తెచ్చిన మల్లేశం భార్య నాగమణి, "ఎవరో ఏమో, జర కూసోబెట్టి అడుగరాదు," అంది మెల్లగా.

"నువ్వు పోయి కండెలు చుట్టుకో."

ముసలాయన నీళ్లు తాగి చెంబు కింద పెట్టాడు.

"అట్లయితే గదే మాట రాసియ్యుండ్రి. నోటిమాట నడువదు."

పీడ పోతుందనుకున్నాడు మల్లేశం. మా సంఘాన్ని మేమే మూసేసుకున్నాం, ఇక అది లేదు అని నోటుబుక్కు కాగితం మీద రాశాడు. ఎనిమిది మందీ నవ్వు ఆపుకుంటూ సంతకాలు చేశారు. ఆఖరివాడైతే సంతకం కింద గీత కూడా గీశాడు.

"మంచిది. మీ ఇష్టం," అని ముసలాయన కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

"మొఖం చూసినవా, ఎట్ల మాడిపోయిందో," అన్నాడు రాఘవేంద్ర, ఆయన గడప దాటకముందే.

ఆ రోజు షెడ్డులో చాయ్ రెండుసార్లు తిరిగింది.

రెండు నెలలకు నోటీసు వచ్చింది. సంఘం రద్దయినందున జాగా సర్కారుకు వాపసు, పదిహేను రోజుల్లో మగ్గాలు తీసి షెడ్డు ఖాళీ చెయ్యాలి.

మల్లేశం ఆ కాగితంతో నిరోష దగ్గరికి ఉరికాడు.

"ముసలోడు దెబ్బ కొట్టిండు చెల్లె. సంఘం ఎవని పేరు మీదికి మారిందో చూడు."

నిరోష కొట్టి చూసింది.

"ఎవరి పేరు మీదికీ మారలేదన్నా. సభ్యుల ఇష్టంతోనే రద్దు అని ఉన్నది. మీరు రాసిచ్చిన కాగితమే పెట్టిండ్రు."

"పెట్టినోడు?"

"నాగప్ప అని ఉన్నది."

"నేను చెప్పలేదా? వాడు ఎవని మనిషో అది గూడ చూడు."

"ఆగు, పాతయి ఉన్నయి." ఆమె తెరను కిందికి జరుపుకుంటూ పోయింది. జరిపినకొద్దీ గొంతు తగ్గింది. "అన్నా, ఏటేటా సభ్యుల పేర్లు ఇయ్యకుంటే మీ సంఘం ఎప్పుడో పోతుండె. మీ దిక్కెల్లి ఎవరిస్తుండిరి?"

"ఇంకెవరు, మా నాయనే."

నిరోష తెరను మల్లేశం వైపు తిప్పింది.

పంతొమ్మిదేళ్లకు పంతొమ్మిది వరుసలు, ఒక్క ఏడూ గడువు దాటలేదు, దాఖలు చేసినవారు అన్నచోట పైనుంచి కిందిదాకా ఒక్కటే పేరు: నాగప్ప, సంఘం కార్యదర్శి.