పక్కింటాయన

"అమ్మాయ్, ఇంట్లో ఉన్నావా?"

తలుపు ఉండాల్సిన చోట నిలబడి, గాలిలోనే టకటకా కొట్టినట్టు వేలు ఆడించాడు పెద్దాయన. చెప్పులు విప్పి, గడప రావాల్సిన గీతకు అవతలే వదిలాడు.

టైలరమ్మ కిటికీ కంతకు పట్టిన టేపు వదలకుండానే నవ్వింది.

"తలుపు తీసే ఉంది, రండి బాబాయ్ గారూ."

తీసి ఉండడమేమిటి, అసలు తలుపే లేదు. అయిదో అంతస్తులోని ఆ ఇంటికి రెండు వైపుల గోడలూ లేవు. బిల్డరు ఐపీ పెట్టి చేతులెత్తేశాక పని ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అయినా సెలవు దొరికితే చాలు, ఆమె వచ్చి పరదాల కోసం కిటికీలు కొలుచుకుని పోతుంది.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస," అంటాడు భర్త.

అనేవాడు అంటాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ బావగారి ఇంటి హాల్లో, తను కుట్టిన తెర వెనకే కాపురం. మొగుడితో గట్టిగా పోట్లాడాలన్నా, గట్టిగా నవ్వాలన్నా తోడికోడలికి వినబడుతుంది. తలుపేసుకుని పడుకునే గది ఒకటి కావాలి ఆమెకు. ప్రాణమంతా దానిమీదే ఉంది.

పెద్దాయన వరసా అంతే. వచ్చిన ప్రతిసారీ ముందు మేడ మీదికెళ్ళి, కాసేపు తిరిగి, గొడుగు మూసుకుంటూ దిగివస్తాడు. పైన ఎండా, ఇనుప చువ్వలూ తప్ప చూడ్డానికి ఏముందో ఆమెకు తెలియదు. తర్వాత పక్కింట్లో సిమెంటు తట్ట బోర్లించుకుని కూర్చుంటాడు. లేని గోడకు చెరోవైపూ కూర్చుని ఇద్దరూ కబుర్లాడుకుంటారు.

"పిన్నిగారిని ఒక్కసారైనా తీసుకురారేం?"

"ఆవిడ మోకాళ్ళు ఇన్ని మెట్లు ఎక్కనిస్తాయా? లిఫ్టు రానీ. అందాకా నేనే చూసిపోయి చెబుతుంటా. పొద్దుటెండ ఎటు పడుతుంది, గాలి ఎటునుంచి వస్తుంది... ఒకటే ఆరా."

"మీ వంటగదీ మా వంటగదీ ఆనుకునే ఉన్నాయి. పంచదార అయిపోతే పిన్నిగారినే అడుగుతా, ముందే చెబుతున్నా."

పెద్దాయన నవ్వి, గొడుగు అందుకుని లేచాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే కోర్టు తీర్పు వచ్చింది. ఇళ్ళకు డబ్బు కట్టినవాళ్ళు కూడా బ్యాంకుల్లాగే అప్పిచ్చినవాళ్ళ కిందే లెక్కట. దివాలా తీసిన బిల్డరు ఆస్తిని ఏం చేయాలో తేల్చే ఓటు వాళ్ళకూ ఉంటుందట. ఒక కొత్త కంపెనీ ముందుకొచ్చి, లేచినంత వరకు పూర్తిచేసి ఇస్తానంది. ఓటు నెగ్గితే ఇల్లు. ఓడితే మొత్తం వేలం, వచ్చినదాంట్లో తలా కాస్త.

కంపెనీ ఇచ్చిన కాగితాలు టైలరమ్మ పూర్తిగా చదవలేదు. ఇల్లు వస్తుందా రాదా, ఆమెకు కావలసింది అంతే.

ఓటు రోజున, కోర్టు నియమించిన అధికారి గది బయట వరసలో పెద్దాయన కనిపించాడు.

"అవుననే కదా వేస్తున్నారు బాబాయ్ గారూ?"

"ఇంకా తేల్చుకోలేదమ్మా. ఇంట్లో ఆవిడకి ఏం చెప్పాలో పాలుపోవడం లేదు."

ఆమెకు ఒళ్ళు మండింది.

"తేల్చుకోవడానికేముంది? వేలంలో నాలుగు డబ్బులు చేతికొస్తాయనా?"

"అది కాదమ్మాయ్..."

"ఇన్నాళ్ళూ ఒకే గోడవాళ్ళం అనుకున్నా. నోటి దగ్గర కూడు లాగేసే పొరుగు మాకొద్దు. మీరు ఆ ఇంటికి రాకపోతేనే నాకు సంతోషం."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. పెద్దాయన ఆమె వంక చూశాడు. కోపం లేదు ఆ చూపులో.

"తలుపు మాత్రం గట్టిది పెట్టించుకో," అని, వంతు రాగానే లోపలికి వెళ్ళాడు.

ఓటు బొటాబొటిగా నెగ్గింది. ఒక్కటి తగ్గినా అంతా వేలానికి పోయేదేనని అందరూ చెప్పుకున్నారు.

పని మళ్ళీ మొదలైంది. ఆమె గేటు దగ్గర నిలబడి చూసిపోయేది. గోడలు లేచాయి, లిఫ్టు వచ్చింది, పెద్దాయన మాత్రం రాలేదు. అన్న మాట ఆమెకే ముల్లులా గుచ్చుకునేది. 'అమ్మాయ్' అనే ఆ పిలుపు ఇంకొక్కసారి వింటే బాగుండునని ప్రాణం కొట్టుకునేది.

పక్కింటి కిటికీలవీ అవే కొలతలు. తనవాటికంటే మంచి గుడ్డ తెచ్చి, వాటికీ పరదాలు కుట్టింది. పిన్నిగారి చేతిలో పెట్టి, బాబాయ్ గారిని క్షమించమని అడగాలి.

తాళాలిచ్చిన రోజు తలుపు వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. మొగుడితో కలిసి గట్టిగా నవ్వింది. నవ్వుతూనే పక్కింటి చప్పుడు కోసం చెవి ఒగ్గింది.

చప్పుడైంది. పరదాలు పట్టుకుని పరుగెత్తింది.

పక్కింటి తలుపు తీస్తున్నది ఎవరో కుర్ర జంట.

"పెద్దాయన రాలేదా?"

"ఏ పెద్దాయనండీ? ఈ ఇల్లు మొదట్నుంచీ మాదే."

కింద అధికారి ఇంకా తాళాలు పంచుతున్నాడు. ఆమె రొప్పుతూ వెళ్ళి నిలబడింది.

"సార్, గొడుగేసుకుని వచ్చే పెద్దాయన... ఆయనది ఏ ఇల్లు?"

అధికారి చేతిలోని తాళాలు బల్లమీద పెట్టాడు.

"ఆయన కొన్నది ఆరో అంతస్తులోనమ్మా, సరిగ్గా మీ ఇంటి పైన. ఆ అంతస్తు కట్టడం మానుకుంటేనే కింది అయిదూ పూర్తవుతాయని కంపెనీ తేల్చి చెప్పింది. ఆ అంతస్తువాళ్ళలో అవునని ఓటేసింది ఆయనొక్కడే."